బోటు మునగలేదు, నడుము విరిగింది: ఒక షికారు గాయం కేసులో బాధ్యత ఎవరిది?

కార్తీక మాసంలో హనుమకొండకు చెందిన ఒక కుటుంబం వనభోజనాలకని ఉమ్మడి వరంగల్ జిల్లాలోని ఒక పెద్ద చెరువుకు వెళ్లింది. భోజనాల తరువాత మేనల్లుడు అందరికీ స్పీడు బోటు టికెట్లు తీసుకున్నాడు. ముందు వరుసలో కూర్చున్న 38 ఏళ్ల మహిళ ఇంట్లోనే కుట్టు మిషన్ పెట్టుకొని బ్లౌజులు, పిల్లల బట్టలు కుట్టి సంపాదించే మనిషి. చెరువు మధ్యకు వెళ్లాక డ్రైవరు వేగం తగ్గించకుండానే బోటును గిరుక్కున తిప్పి, ఆ బోటే లేపిన అలల మీదుగా అడ్డంగా నడిపించాడు. బోటు ముందు భాగం రెండుసార్లు గాల్లోకి లేచి నీటిని బలంగా కొట్టింది. రెండో దెబ్బకు ఆమె సీటు మీద నుంచి పైకెగిరి నడుము ఆనేలా కింద పడ్డారు. బోటు ఒడ్డుకు చేరిన తరువాత ఆమె లేచి నిలబడలేకపోయారు. నడుము భాగంలోని మొదటి వెన్నుపూస నలిగి విరిగిందని స్కానింగులో తేలడంతో శస్త్రచికిత్స చేసి రాడ్లు, స్క్రూలు వేశారు. ఈ కేసులో ఫిర్యాదుదారు తరఫున నేను వాదించాను. పక్షాల పేర్లు, చెరువు పేరు, గుర్తుపట్టే వీలున్న ఇతర వివరాలు ఇక్కడ రాయడం లేదు.

వరంగల్‌లో పడవ ప్రమాదం అనగానే అందరికీ కచ్చులూరు గుర్తుకొస్తుంది. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో మునిగిన రాయల్ వశిష్ఠ బోటులో కాజీపేట దగ్గరి కడిపికొండ నుంచి పాపికొండలు చూడటానికి వెళ్లినవారూ ఉన్నారు, వారిలో కొందరు తిరిగి రాలేదు. ఆ విషాదం మన మనసుల్లో ఎంత లోతుగా నిలిచిందంటే, పడవ మునిగితేనే ప్రమాదం, మనిషి పోతేనే కేసు అనే అభిప్రాయం ఏర్పడిపోయింది. ఈ కుటుంబం కూడా చాలా నెలల పాటు అదే అభిప్రాయంతో మౌనంగా ఉండిపోయింది. ఆపరేటరు మనుషులు కూడా వాళ్లతో అదే మాట అన్నారు: బోటు మునగలేదు, లైఫ్ జాకెట్ ఇచ్చాం, మిగతావాళ్లకు ఏమీ కాలేదు, ఇక మా తప్పేముంది? ఈ కేసంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది. లైఫ్ జాకెట్ మనిషిని నీళ్లలో తేలేలా చేస్తుందే తప్ప వెన్నెముకను కాపాడదు. వేగంగా వెళ్లే బోటు అల మీద నుంచి కిందపడేటప్పుడు అందరికంటే పెద్ద కుదుపు ముందు సీట్లలో కూర్చున్నవారికే తగులుతుంది. ఇలాంటి షికారు బోట్లలో ప్రయాణికుల వెన్నుపూసలు ఇదే తీరున విరిగిన ఉదంతాలను బ్రిటన్‌లోని సముద్ర ప్రమాదాల దర్యాప్తు విభాగం కూడా నమోదు చేసింది. అంటే ఇది అనూహ్యమైన దైవఘటన కాదు, ఈ వృత్తిలో ఉన్నవారు ముందే ఊహించి జాగ్రత్త పడవలసిన గాయం.

ఏ తలుపు తట్టాలి

కుటుంబం అడిగిన మొదటి ప్రశ్న, మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో వేయవచ్చా అని. వేయడానికి వీల్లేదు. మోటారు వాహనాల చట్టంలో వాహనమంటే రోడ్డు మీద నడిచేందుకు అనువైనది. ఇంజను ఉన్నంత మాత్రాన బోటు ఆ నిర్వచనంలోకి రాదు. కాబట్టి ఆ చట్టం కింద రోడ్డు ప్రమాద బాధితులకు ఉండే సౌకర్యాలు, ముఖ్యంగా తప్పనిసరి థర్డ్ పార్టీ బీమా ఆధారంగా నేరుగా కంపెనీ నుంచి పరిహారం పొందే మార్గం, ఇక్కడ లేవు. మిగిలినవి రెండు దారులు. నిర్లక్ష్యం ఆధారంగా సివిల్ కోర్టులో దావా వేయవచ్చు, లేదా సేవా లోపం ఆధారంగా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు.

మేము రెండోది ఎంచుకున్నాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో కమిషన్ ఆర్థిక పరిధిని అడిగే పరిహారాన్ని బట్టి కాక, సేవకు చెల్లించిన ప్రతిఫలాన్ని బట్టి లెక్కిస్తారు. ఈ పద్ధతి చెల్లుతుందని సుప్రీంకోర్టు 2025లో రుతు మిహిర్ పంచాల్ కేసులో తీర్పు చెప్పింది. 2021 నియమాల ప్రకారం చెల్లించినది 50 లక్షల రూపాయల లోపు ఉంటే జిల్లా కమిషనే వింటుంది. బోటు టికెట్ కొన్ని వందల రూపాయలే కాబట్టి, ఎన్ని లక్షల పరిహారం కోరినా కేసు జిల్లా కమిషన్‌కే వెళుతుంది, ఫిర్యాదు రుసుము కూడా ఉండదు. చెరువు వేరే జిల్లాలో ఉన్నా, 34వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే చోటే కేసు వేసుకోవచ్చు. నడుముకు రాడ్లు వేసుకున్న మనిషి ప్రతి వాయిదాకు బస్సెక్కి పక్క జిల్లాకు వెళ్లనక్కర లేకపోవడం చిన్న విషయం కాదు. టికెట్ కొన్నది మేనల్లుడు కదా, ఆమె వినియోగదారు ఎలా అవుతారనే అభ్యంతరం వచ్చింది కానీ ఎక్కువసేపు నిలవలేదు. డబ్బు చెల్లించినవారి అనుమతితో సేవను పొందినవారు కూడా వినియోగదారులేనని 2(7) నిర్వచనమే చెబుతోంది.

గడువు విషయంలో మాత్రం ఏమరుపాటు పనికిరాదు. 69వ సెక్షన్ కింద కారణం ఏర్పడిన రోజు నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. ఆపరేటరు "మాట్లాడుకుందాం, చూద్దాం" అంటూ నెలలు గడిపేసినంత మాత్రాన ఆ గడువు ఆగిపోదు.

క్రిమినల్ కేసు వేరే దారిన నడిచింది. ప్రమాదం 2024 జూలై 1 తరువాత జరిగింది కాబట్టి పాత శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత వర్తించింది. దుడుకుగా బోటు నడపడం 282వ సెక్షన్ కిందికి, నిర్లక్ష్యంతో తీవ్ర గాయం కలిగించడం 125(బి) కిందికి వస్తాయి. ఎముక విరగడం 116వ సెక్షన్ ప్రకారం తీవ్ర గాయమే. సురక్షితం కాని లేదా పరిమితికి మించి ఎక్కించిన పడవలో కిరాయికి మనుషులను తీసుకెళ్లడాన్ని శిక్షించే 284వ సెక్షన్‌ను కూడా ఎఫ్ఐఆర్‌లో చేర్చాలని కుటుంబం కోరింది. 2024 జనవరి 18న వడోదరలోని హర్ణి సరస్సులో 14 మందిని బలిగొన్న పడవ లాంటి ఉదంతాలకు అది సరిగ్గా సరిపోతుంది. మన బోటులో మాత్రం మనుషులు పరిమితికి మించి లేరు కాబట్టి నేను దాన్ని పట్టుబట్టలేదు. నిలవని ఆరోపణను జోడిస్తే నిలిచే ఆరోపణ కూడా పలుచబడుతుంది.

ఎవరిని ప్రతివాదులుగా చేర్చాలి

టికెట్ మీద ముద్రించిన పేరు ఒక ప్రభుత్వ రంగ సంస్థది. బోట్లు నడిపేది ఆ సంస్థతో ఒప్పందం చేసుకున్న ఒక ప్రైవేటు కాంట్రాక్టరు. డ్రైవరు ఆ కాంట్రాక్టరు దగ్గర రోజు కూలికి పనిచేసే యువకుడు. చెరువు నీటిపారుదల శాఖది. కేసు తేలిపోయేదీ నిలిచేదీ చాలావరకు ఈ దశలోనే నిర్ణయమవుతుంది. ఒప్పందం ప్రతిని సమాచార హక్కు చట్టం కింద తెప్పించుకున్నాం. భద్రతకు పూర్తి బాధ్యత కాంట్రాక్టరుదేననీ, ఏదైనా పరిహారం చెల్లించవలసి వస్తే ఆ మొత్తాన్ని సంస్థకు కాంట్రాక్టరు భర్తీ చేయాలనీ అందులో ఒక షరతు ఉంది. తమను కేసు నుంచి తప్పించాలని సంస్థ కోరింది ఆ షరతును చూపించే.

ఆ షరతు వాళ్లిద్దరి మధ్య లెక్క. ప్రయాణికురాలు అందులో పక్షం కాదు. ఆమెకు టికెట్ తీసుకున్నది సంస్థ కౌంటరులో, సంస్థ పేరు చూసి, ప్రభుత్వ పేరు మీద ఉండే నమ్మకంతో. డబ్బు తీసుకొని సేవ అందిస్తానన్నవారు ఆ పనిని ఇంకొకరికి అప్పగించినా ప్రయాణికుల పట్ల తమ బాధ్యతను అప్పగించలేరు. ఒప్పందంలో ఆ భర్తీ షరతు రాసుకున్నారంటేనే, ప్రయాణికులు తమను అడుగుతారని సంస్థకు ముందే తెలుసన్నమాట. 1995లో బియాస్ నదిలో 14 మంది బడిపిల్లలు మునిగిపోయిన ఘటనపై ఎం.ఎస్. గ్రేవాల్ కేసులో సుప్రీంకోర్టు 2001లో ఇచ్చిన తీర్పును కూడా చూపించాం. పిల్లలను విహారానికి తీసుకెళ్లిన ఉపాధ్యాయుల నిర్లక్ష్యానికి పాఠశాల యాజమాన్యం జవాబుదారీ అవుతుందని ఆ తీర్పు నిలబెట్టింది. డ్రైవరును మేము చేర్చలేదు. రోజు కూలి మనిషి నుంచి లక్షల రూపాయలు వసూలు కావు, అతని నిర్లక్ష్యానికి పనిలో పెట్టుకున్నవారు ఎలాగూ జవాబుదారీ అవుతారు. నీటిపారుదల శాఖనూ వదిలేశాం. ఆ శాఖ ఈమెకు డబ్బు తీసుకొని ఏ సేవా అమ్మలేదు, ప్రమాదానికి చెరువు స్థితి కారణమూ కాదు. నీటిమట్టం తగ్గి మోడు తగిలో, ఒడ్డున జెట్టీ కూలో గాయమై ఉంటే ఆ ఆలోచన వేరుగా ఉండేది. మన చెరువుల్లో చాలావరకు ఆయకట్టు కోసం కట్టినవి, పాకాల, రామప్ప, లక్నవరం కాకతీయుల కాలం నుంచీ సాగునీరు ఇస్తున్నవే. తూములు తెరిచి యాసంగికి నీళ్లు వదిలినప్పుడు మట్టం దిగుతుంది. ఆ లెక్క తెలియకుండా బోటు నడిపితే అదీ నిర్లక్ష్యమే.

బీమా సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. కాంట్రాక్టరు పాలసీ తీసుకున్నమాట నిజమే. చదివి చూస్తే అది ప్రయాణికుల మరణానికీ, శాశ్వత సంపూర్ణ వైకల్యానికీ మాత్రమే నిర్ణీత మొత్తం చెల్లించే ప్రమాద బీమా. నిర్లక్ష్యం వల్ల ఇతరులకు చెల్లించవలసి వచ్చే పరిహారాన్ని భరించే బాధ్యతా బీమా కాదు. వెన్నుపూస విరిగి పాక్షిక వైకల్యం వచ్చిన మనిషికి ఆ పాలసీ నుంచి రూపాయి కూడా రాదు. టికెట్ కౌంటరు దగ్గర "ప్రయాణికులకు బీమా కలదు" అని బోర్డు పెట్టి ఉంది. ఆ బోర్డు చూసి ఎక్కిన మనిషికి అంతకంటే భద్రత ఉందనే అభిప్రాయం కలుగుతుందని వాదించాం, కమిషన్ ఆ మాటను నమోదు చేసింది.

ఒక్క వాక్యం, ఒక వీడియో, ఒక నోటుబుక్

వైద్య రికార్డుల్లో అన్నిటికంటే విలువైనది ప్రైవేటు ఆసుపత్రి ఇచ్చిన లావుపాటి ఫైలు కాదు. ప్రమాదం జరిగిన సాయంత్రం దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు ఓపీ చీటీ మీద పెన్నుతో రాసిన ఒకే వాక్యం: బోటు ఎగిరి పడినప్పుడు నడుముకు దెబ్బ. పేషెంటు చెప్పగా రాసిన ఆ మాటకు సమయం, తేదీ, సంతకం ఉన్నాయి. కేసు వేస్తారనే ఆలోచనే ఎవరికీ లేనప్పుడు రాసినది కాబట్టి దానికి అంత బలం. చాలా కేసుల్లో ఇక్కడే దెబ్బతింటాం. నొప్పితో ఉన్న మనిషిని తీసుకొచ్చిన బంధువులు తొందరలో "జారి పడింది" అంటారు, డాక్టరు అదే రాస్తారు, ఆ రెండు మాటలు ఎదుటి పక్షానికి ఆయుధమవుతాయి.

పాత నడుము నొప్పే దీనికి కారణమని కాంట్రాక్టరు వాదించాడు. కుట్టు పని చేసేవారికి నడుము నొప్పి సహజమనీ, ఎముకలు ముందే బలహీనపడి ఉంటాయనీ అన్నాడు. ఎమ్మారై నివేదికలో విరిగిన వెన్నుపూసలో మజ్జ వాపు ఉన్నట్టు రాసి ఉంది. అది కొత్తగా విరిగిన ఎముకలో కనిపించే లక్షణమని శస్త్రచికిత్స చేసిన డాక్టరు అఫిడవిట్ ఇచ్చారు. ఒకవేళ ఎముక బలహీనంగా ఉందనుకున్నా బాధ్యత తగ్గదు. గాయపరిచినవారు బాధితురాలిని ఆమె ఉన్న స్థితిలోనే స్వీకరించాలి.

సెల్ఫీ కోసం లేచి నిలబడిందన్నది వారి రెండో వాదన. వెనుక సీటులో కూర్చున్న మేనకోడలు అప్పుడు ఫోనులో వీడియో తీస్తోంది. బోటు గిరుక్కున తిరగడం, ముందు భాగం లేవడం, సీటు పట్టీని రెండు చేతులా పట్టుకొని కూర్చున్న ఆమె పైకెగరడం అందులో స్పష్టంగా ఉన్నాయి. వాట్సాప్‌లో తిరిగిన కాపీని నేను దాఖలు చేయలేదు. అసలు ఫైలు ఉన్న ఫోను దొరికింది, భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింది ధ్రువీకరణతో ఆ ఫైలునే సమర్పించాం. కమిషన్ ముందు సాక్ష్య నియమాలు అంత కఠినంగా వర్తించవన్నది నిజమే, అయినా అప్పీలు దాకా వెళ్లే కేసులో ఈ జాగ్రత్త వృథా కాదు. డ్రైవరు అఫిడవిట్ మాత్రం అవతలి పక్షం చివరి దాకా దాఖలు చేయలేదు. బోటు ఎలా నడిచిందో అందరికంటే బాగా తెలిసిన మనిషిని దాచిపెట్టిన పక్షానికి వ్యతిరేకంగా ఊహించవచ్చని కమిషన్ అంది.

సమాచార హక్కు జవాబులో ఇంకొక సంగతి బయటపడింది. ప్రమాదం నాటికి ఆ బోటు సర్వే ధ్రువపత్రం, అంటే బోటును తనిఖీ చేసి ఇచ్చే కాగితం, గడువు ముగిసి ఉంది. సరస్సులు, కాలువలు సహా లోతట్టు జలాల్లో ఇంజనుతో నడిచే బోట్లకు రిజిస్ట్రేషన్, సర్వే, నడిపేవారి అర్హతల గురించి 2021 లోతట్టు నౌకల చట్టం నియమాలు పెట్టింది. 2017లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ పడవ భద్రత మీద మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. కుటుంబం ఈ గడువు సంగతి విని కేసు గెలిచేసినట్టే సంబరపడింది. నా అభిప్రాయం అలా లేదు, కమిషన్ అభిప్రాయమూ అలా లేదు. ధ్రువపత్రం చెల్లుబాటులో ఉన్నా ఆ మలుపు ఆ వేగంతో తిప్పితే అదే గాయం అయ్యేది. కాగితం లేకపోవడం యాజమాన్యం తీరును చూపిస్తుంది, గాయానికి కారణాన్ని మాత్రం బోటు నడిపిన తీరులోనే రుజువు చేయాలి.

టికెట్ వెనుక చిన్న అక్షరాలు

"ప్రయాణికులు తమ సొంత బాధ్యతపై ఎక్కవలెను, ఏ ప్రమాదానికీ యాజమాన్యం బాధ్యత వహించదు" అని టికెట్ వెనుక ముద్రించి ఉంది. ఇద్దరు ప్రతివాదులూ దాని మీదే ఎక్కువ ఆధారపడ్డారు. సంతకం చేసిన పత్రంలోని పరిమితికి పక్షాలు కట్టుబడాలన్న 1996 నాటి భారతి నిట్టింగ్ కేసు తీర్పును చూపించారు. ఆ కేసులో కొరియర్ సంస్థ బాధ్యతకు డబ్బు రూపంలో ఒక పరిమితి ఉంది, దాని కింద సంతకం ఉంది. ఇక్కడ సంతకం లేదు, డబ్బు కట్టిన తరువాత చేతికొచ్చిన చీటీ వెనుక వైపు ఎవరూ చదవరు, పైగా ఇది పరిమితి కాదు, బాధ్యతను మొత్తంగా తుడిచేయడం. మేము 2019 నాటి తాజ్ మహల్ హోటల్ కేసును చూపించాం. కారు పార్కింగ్ చీటీ మీద యజమాని రిస్కు అని రాసి ఉన్నా, తమ సిబ్బంది నిర్లక్ష్యానికి హోటల్ బాధ్యతను వదిలించుకోలేదని సుప్రీంకోర్టు అందులో చెప్పింది. కారు విషయంలోనే అలాగైతే మనిషి వెన్నెముక విషయంలో అంతకంటే తక్కువ బాధ్యత ఎలా ఉంటుంది?

ఇక్కడ తోటి న్యాయవాదులకు ఒక మాట. ఇలాంటి షరతును వినియోగదారుల రక్షణ చట్టం 2(46) కింద అన్యాయమైన ఒప్పందంగా ప్రకటించాలని జిల్లా కమిషన్‌ను కోరడం సహజంగా తోచే ఆలోచన. కానీ అన్యాయమైన ఒప్పందాల ఫిర్యాదులు వినే అధికారాన్ని చట్టం రాష్ట్ర, జాతీయ కమిషన్లకే ఇచ్చింది. అందుకే మేము షరతును రద్దు చేయమని కోరలేదు. నిర్లక్ష్యంతో చేసిన సేవకు ఆ షరతు రక్షణ కాదని మాత్రమే వాదించి, కేసును సేవా లోపం దగ్గరే నిలబెట్టాం.

పరిహారం లెక్క

వాదనలు ఎక్కువగా జరిగింది ఈ అంశం మీదే. మెడికల్ బోర్డు 20 శాతం శాశ్వత వైకల్యమని ధ్రువపత్రం ఇచ్చింది. ఆ శాతం శరీరానిది. సంపాదన నష్టం దానితో సమానం కానక్కర లేదనీ, ఆ మనిషి చేసే పని మీద గాయం ప్రభావమెంతో చూడాలనీ రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2010 చివర్లో చెప్పింది. నడుము గాయం తరువాత నిలబడి పాఠం చెప్పే మనిషికీ, రోజంతా వంగి మిషన్ తొక్కే మనిషికీ ఒకే శాతం ఎలా కుదురుతుంది? "పావుగంట కూసుంటే నడుం పట్టుకుంటది సార్, ఇంక మిషనేం తొక్కుత" అని ఆమె అన్న మాటను అఫిడవిట్‌లో అలాగే ఉంచాం.

ఆదాయానికి జీతం చీటీ లేదు, ఐటీ రిటర్నులు లేవు. ఉన్నది కొలతల నోటుబుక్. ఒక్కో పేజీలో ఒక్కో ఇంటి పేరు, భుజం, ఛాతీ, చేతి పొడవు, అడ్వాన్సు, బాకీ, కొన్ని పేజీలకు గుండుసూదితో గుచ్చిన లైనింగు ముక్క. ఆ కార్తీక మాసం దాకా పేజీలు వరుసగా నిండి ఉన్నాయి, తరువాత ఖాళీ. దానికి తోడు మహిళా సంఘం పాస్‌బుక్‌లో క్రమం తప్పని వాయిదాలు, దారాలు కొన్న దుకాణం బిల్లులు, నలుగురు ఖాతాదారుల అఫిడవిట్లు పెట్టాం. మేము నెలకు 15,000 రూపాయలు అడిగాం, కమిషన్ 12,000 తీసుకుంది. మోటారు ప్రమాదాల పరిహారంపై సుప్రీంకోర్టు ఇచ్చిన ప్రణయ్ సేథి తీర్పు ప్రకారం 40 ఏళ్లలోపు సొంత పనివారికి భవిష్యత్ పెరుగుదల 40 శాతం కలపాలి. గాయాల కేసుల్లోనూ అలా కలపవచ్చని పప్పూ దేవ్ యాదవ్ కేసులో 2020లో తేలింది. సంపాదన నష్టం 40 శాతమని మేము కోరగా కమిషన్ 30 శాతంగా నిర్ణయించింది. 36 నుంచి 40 ఏళ్ల వయసుకు సరళా వర్మ కేసు పట్టికలో గుణకం, అంటే ఏడాది నష్టాన్ని వయసును బట్టి హెచ్చించే అంకె, 15. అంటే ఏడాదికి 1,44,000, పెరుగుదలతో 2,01,600, అందులో 30 శాతం 60,480, దాన్ని 15తో హెచ్చిస్తే 9,07,200 రూపాయలు. బోర్డు చెప్పిన 20 శాతమే తీసుకొని ఉంటే ఇది 6,04,800 దగ్గర ఆగిపోయేది. ఆ తేడాను తెచ్చింది ఆ నోటుబుక్కే.

మోటారు ప్రమాదాల గుణకం వినియోగదారుల కేసులో వాడకూడదని కాంట్రాక్టరు అభ్యంతరం చెప్పాడు. ఆ పద్ధతికి కమిషన్ కట్టుబడి ఉండనక్కర లేదన్నది నిజం. వైద్య నిర్లక్ష్యానికి సంబంధించిన కునాల్ సాహా కేసులో సుప్రీంకోర్టు అలా అన్నది బాధితుల పరిహారం తగ్గిపోకూడదనే ఉద్దేశంతో. దాన్ని పరిహారం తగ్గించడానికి వాడటం ఆ తీర్పును తిరగేసి చదవడమే.

మిగతా అంశాల్లో రుజువైన వైద్య ఖర్చులు 3,10,000, కోలుకున్న 6 నెలల ఆదాయం 72,000, నొప్పికీ బాధకూ 1,00,000, జీవన సౌఖ్యాల నష్టానికి 75,000, సహాయకులకూ ప్రయాణానికీ 40,000 ఇచ్చారు. మొత్తం 15,04,200 రూపాయలను, ఫిర్యాదు తేదీ నుంచి వడ్డీతో, ఇద్దరు ప్రతివాదులూ ఉమ్మడిగానూ విడివిడిగానూ (అంటే మొత్తాన్ని ఇద్దరిలో ఎవరి నుంచైనా వసూలు చేసుకునేలా) చెల్లించాలని ఆదేశం వచ్చింది. రాడ్లు తీసే శస్త్రచికిత్స ఖర్చు మాత్రం రాలేదు. అది అవసరమని డాక్టరు రాసినా అంచనా మొత్తం చెప్పలేదు, కమిషన్ ఊహించి ఇవ్వడానికి ఒప్పుకోలేదు.

ఆదేశానికి ముందు ఒకసారి రాజీ ప్రతిపాదన వచ్చింది. క్రిమినల్ కేసు లోక్ అదాలత్‌లో ముగించుకుంటే ఆసుపత్రి బిల్లు కడతామన్నారు. కాగితం చూస్తే "ఇకపై ఏ విధమైన పరిహారమూ కోరను" అనే వాక్యం చివర్లో ఉంది. సంతకం పెట్టవద్దని చెప్పాను. క్రిమినల్ కేసులో రాజీ పడాలా వద్దా అన్నది వారి ఇష్టం, కానీ ఆ కాగితంలో పరిహారపు హక్కును కలిపి రాయకూడదు.

ఇద్దరూ 45 రోజుల గడువులోపే రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేశారు. 41వ సెక్షన్ ప్రకారం ఆదేశించిన మొత్తంలో సగం జమ చేశాకే అప్పీళ్లు విచారణకు వచ్చాయి. కాంట్రాక్టరు సంపాదన నష్టం శాతాన్ని సవాలు చేస్తున్నాడు. సంస్థ మాత్రం మొత్తం బాధ్యత కాంట్రాక్టరుదేనన్న షరతునే మళ్లీ ముందుకు తెచ్చింది. మా జవాబు మారలేదు: ఆ షరతు ఆధారంగా సంస్థ కాంట్రాక్టరు నుంచి వసూలు చేసుకోవచ్చు, ప్రయాణికురాలికి మాత్రం ముందు చెల్లించాలి. జమ అయిన సొమ్ములో కొంత భాగాన్ని రాడ్లు తీసే శస్త్రచికిత్స కోసం విడుదల చేయాలని ఈసారి డాక్టరు ఇచ్చిన ఖర్చు అంచనాతో దరఖాస్తు వేశాం. అది విచారణలో ఉంది.